పైపు లేకుండా మందు: నా మూత్రాశయ చికిత్స అనుభవం

అయిదో దఫా చికిత్స ఉన్న రోజు ఉదయం ఆసుపత్రికి ఫోను చేసి, జ్వరంగా ఉంది, ఈ రోజు రాలేను అని చెప్పాను. జ్వరం ఏమీ లేదు. ఆ అబద్ధం ముందు రోజు రాత్రే సిద్ధం చేసుకున్నాను. ఫోను పెట్టేశాక కలిగిన హాయి చూసి నాకే సిగ్గు వేసింది. చికిత్స నాకోసమే, అడిగి మరీ మొదలుపెట్టించుకున్నదీ నేనే. బడి ఎగ్గొట్టిన పిల్ల సంబరం నలభై మూడేళ్ల వయసులో, అందులోనూ బడిలో పాఠాలు చెప్పే మనిషికి కలగడం ఏమిటి?

నాకున్న జబ్బు పేరు ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్. మూత్రాశయం నిండుతున్న కొద్దీ పొత్తికడుపులో నొప్పి పెరుగుతుంది. మూత్రం పోసుకుంటే కాసేపు తగ్గుతుంది. మళ్లీ మొదలవుతుంది. ఈ పేరు తెలియడానికి నాకు దాదాపు మూడేళ్లు పట్టింది. అంతవరకూ ప్రతిసారీ ‘ఇన్ఫెక్షన్’ అనేవారు, యాంటీబయాటిక్ రాసేవారు. కల్చర్ పరీక్షలో మాత్రం ఏ సూక్ష్మజీవీ పెరిగేది కాదు. ఏమీ లేదని వచ్చిన రిపోర్టులు చేతిలో పట్టుకుని నొప్పితో ఇంటికి నడవడం ఒక వింత అవమానం. ఆ కాగితం నేను అబద్ధం ఆడుతున్నానని చెబుతున్నట్టు ఉండేది.

చివరికి ఒక యూరాలజిస్టు, అంటే మూత్ర సంబంధ జబ్బులు చూసే డాక్టరు, నన్ను మూడు రోజుల పాటు కొలపాత్ర పెట్టుకుని లెక్క రాయమన్నారు. పగలూ రాత్రీ కలిపి రోజుకు 19 సార్లు. అందులో నాలుగు సార్లు నిద్ర లేచి. చాలాసార్లు 80 మిల్లీలీటర్లు కూడా దాటలేదు. మామూలుగా పెద్దవారి మూత్రాశయం 300 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా పట్టగలదు. అప్పుడు అర్థమైంది, నలభై అయిదు నిమిషాల పీరియడ్ నాకు ఎందుకు అంత దూరంగా కనిపించేదో. బోర్డు మీద రాస్తూ, తలుపు వైపు చూస్తూ, లెక్క మధ్యలో ఆపి పిల్లలకు ‘మిగిలింది మీరే చేయండి’ అని చెప్పి బయటికి పరుగెత్తిన రోజులు ఎన్నో. పాపం, ఆ ఏడాది మా తరగతి పిల్లలు సొంతంగా చాలా లెక్కలు నేర్చుకున్నారు.

సిస్టోస్కోపీ చేశారు, అంటే సన్నటి కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూశారు. 1915లో అమెరికా వైద్యుడు గై హన్నర్ ఈ జబ్బులో మూత్రాశయపు గోడ మీద కనిపించే పుండ్లను వర్ణించాడు. వాటిని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. నాకు ఆ పుండ్లు లేవు. ఈ జబ్బు ఉన్నవారిలో ఎక్కువమందికి ఉండవట. ఇన్ఫెక్షన్, రాళ్లు, కణితి ఏవీ కావని ఒక్కొక్కటిగా కొట్టివేసుకుంటూ పోతే చివరికి మిగిలే పేరు ఇది.

మూత్రాశయం లోపలి గోడ మీద పల్చటి రక్షణ పొర ఒకటి ఉంటుంది. మూత్రంలోని పొటాషియం వంటి లవణాలు గోడలోకి ఇంకకుండా అది అడ్డుపడుతుంది. నాలాంటి వారిలో ఆ పొర దెబ్బతిని ఉంటుందని ఒక సిద్ధాంతం. డాక్టర్ గారు చెబుతుంటే నాకు ఇత్తడి గిన్నెకు కళాయి పోవడం గుర్తుకు వచ్చింది. గిన్నె అదే, అందులో పోసేదీ అదే, కానీ పూత పోయిన చోట కిలుము పట్టడం మొదలవుతుంది. ఆ మాటే అంటే ఆమె నవ్వి, “అవును, మనం చేయబోయేది కళాయి వేయడమే. కానీ అందరికీ జబ్బు ఈ కారణంతోనే వస్తుందని తేలలేదు, అందరికీ ఈ మందు పనిచేయదు. ముందే చెబుతున్నాను” అన్నారు. ముందే చెప్పినందుకు ఆమె మీద గురి కుదిరింది.

కళాయి వేసే మందు హయలురోనిక్ యాసిడ్, దానితో పాటు కాండ్రాయిటిన్ సల్ఫేట్. ఆ రక్షణ పొరలో సహజంగా ఉండే పదార్థాల కోవలోవే ఇవి. 50 మిల్లీలీటర్ల ద్రవంగా సిరంజిలో వస్తుంది. మాత్రగా మింగితే పోదా అని అడిగాను. నోటితో తీసుకునే పెంటోసాన్ అనే మందు వేరే ఉందట, కానీ మింగిన దానిలో కొద్ది భాగమే మూత్రం దాకా చేరుతుంది. ఈ ద్రవాన్ని మాత్రం నేరుగా మూత్రాశయంలోనే పోయాలి. వారానికి ఒకసారి చొప్పున కొన్ని వారాలు, ఆ తరువాత నెలకు ఒకసారి.

“ఎలా పోస్తారు?”

“చిన్న పైపు వేస్తాం. రెండు నిమిషాల పని.”

రెండు నిమిషాలే, అందులో అబద్ధం లేదు. ఆ రెండు నిమిషాలకు ముందు అయిదు రోజులు, తరువాత రెండు రోజులు ఉంటాయని మాత్రం ఎవరూ లెక్క కట్టలేదు.

కాథెటర్ అనే ఈ పైపు అనుభవం తెలియనివారికి చెబుతాను. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పక్కలకు వాల్చాలి. సిస్టర్ చేతి తొడుగులు వేసుకుని, క్రిమిసంహారక ద్రవంతో శుభ్రం చేసి, తిమ్మిరి ఎక్కించే లిడోకైన్ జెల్ రాస్తారు. కాసేపు ఆగి పైపు లోపలికి పంపుతారు. నాకు వాడింది 10 ఫ్రెంచ్ సైజు. 19వ శతాబ్దంలో పారిస్‌లో వైద్య పరికరాలు తయారు చేసిన షారియేర్ అనే ఆయన పెట్టిన కొలత అది. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. అంటే నా పైపు మందం మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. ఆడవారిలో మూత్రనాళం పొడవు నాలుగు సెంటీమీటర్లే. మగవారికి దానికి నాలుగయిదు రెట్లు ఉంటుంది. లెక్కల మనిషిని కదా, ఈ అంకెలన్నీ చూసి ‘ఇంతేనా’ అనుకున్నాను.

నొప్పికి ఆ లెక్కలు పట్టవు. ఈ జబ్బు ఉన్నవారిలో చాలామందికి కటి కండరాలు ఎప్పుడూ బిగిసే ఉంటాయి. మూత్రనాళం కూడా పచ్చిగా ఉంటుంది. అక్కడ గుడ్డ తగిలినా మండే రోజుల్లో పైపు పోతుంటే ఒళ్లంతా ఒక్కసారిగా ముడుచుకుపోతుంది. ముడుచుకునే కొద్దీ దారి ఇరుకవుతుంది. ఇరుకయ్యే కొద్దీ నొప్పి. “వదులు చేయండమ్మా, వదులు చేయండి” అనేవారు సిస్టర్. వదులు చేయాలనే నాకూ ఉండేది. నా మాట వినని కండరానికి నేను ఏమని చెప్పను? మూడు మిల్లీమీటర్ల వస్తువు కోసం బల్ల అంచులను రెండు చేతులతో పట్టుకునేదాన్ని.

మందు లోపలికి వెళ్లినప్పుడు మాత్రం నొప్పి లేదు. చల్లగా, నిండుగా ఒక భావన, అంతే. ఈ సంగతి నేను మూడో వారానికి గానీ గమనించలేదు. అప్పటి వరకూ ‘ఈ మందు నాకు పడటం లేదు’ అనుకుంటూ వచ్చాను. ఇంటికి వెళ్లాక రెండు రోజులు మండేది. ఆ మంట కూడా మందుదే అనుకున్నాను. నిజానికి మందు ఏ పాపమూ ఎరుగదు. ఆ రెండు రోజుల మంట పైపు ఒరుసుకుపోయిన దారిది.

మూడో వారం తరువాత నిజంగానే ఇన్ఫెక్షన్ వచ్చింది. ఈసారి కల్చర్‌లో సూక్ష్మజీవి కనిపించింది. ఎంత శుభ్రంగా వేసినా కాథెటర్‌తో పాటు సూక్ష్మజీవులు లోపలికి చేరే అవకాశం కొంత ఉంటుందని ముందే సంతకం పెట్టించుకున్న కాగితంలో ఉంది. మూడేళ్లు ఇన్ఫెక్షన్ లేకుండానే యాంటీబయాటిక్ మింగిన నాకు, ఇన్ఫెక్షన్ లేదని తేల్చి చేస్తున్న చికిత్సలో ఇన్ఫెక్షన్ రావడం కాస్త నవ్వు కూడా తెప్పించింది. అది తగ్గేదాకా మందు పోయకూడదు. రెండు వారాలు ఖాళీ. నాలుగో దఫాకు వెళ్లాను, పళ్లు బిగబట్టి పూర్తి చేశాను. ఆ తరువాతి వారానిదే ఆ జ్వరం ఫోను.

మరుసటి వారం వెళ్లినప్పుడు సిస్టర్ చార్టు చూస్తూ, “జ్వరం ఎన్ని రోజులు ఉంది? ఎంత వచ్చింది?” అని అడిగారు. ఇన్ఫెక్షన్ మళ్లీ వచ్చిందేమోనని ఆమె అనుమానం, అందుకే అడిగారు. నాకు తడబాటు. తరగతిలో హోంవర్కు పుస్తకం ఇంట్లో మరిచిపోయానని చెప్పే పిల్లల ముఖాలు నాకు బాగా తెలుసు. ఆ రోజు నా ముఖం అలాగే ఉండి ఉంటుంది.

“జ్వరం రాలేదు సిస్టర్. పైపు అంటే భయం వేసి రాలేదు.”

ఆమె చార్టు పక్కన పెట్టారు. కోప్పడతారనుకున్నాను. “ఎక్కడ నొప్పి? పైపు వెళ్లేటప్పుడా, మందు పోసేటప్పుడా, తరువాతా?” అని అడిగారు. మూడేళ్లలో నన్ను చాలామంది నొప్పి ఎంత అని అడిగారు. సున్నా నుంచి పది దాకా అంకె చెప్పమన్నారు. నొప్పిని ఇలా విడగొట్టి అడిగింది ఆమే మొదటిసారి. పైపు వెళ్లేటప్పుడు ఎనిమిది, మందుకు ఒకటి, తరువాత రెండు రోజులు అయిదు అని చెప్పాను. అలా చెబుతుంటేనే నాకూ విషయం స్పష్టమైంది. ఆమె లేచి డాక్టర్ గారి గదిలోకి వెళ్లారు.

డాక్టర్ గారు ఒక చిన్న వస్తువు తెచ్చి చూపించారు. సిరంజి మూతికి బిగించే అడాప్టర్ అది. కొన నున్నగా, గుండ్రంగా ఉంది. నా చిటికెన వేలి గోరు పక్కన పెట్టి చూసుకున్నాను. ఆ కొన మూత్రనాళం మొదట్లో ఆనుకుని కూర్చుంటుంది, అంతకు మించి లోపలికి వెళ్లదు. సిరంజి నెమ్మదిగా నొక్కితే మందు తనంతట తానే మూత్రనాళం గుండా మూత్రాశయంలోకి చేరుతుంది. కాథెటర్ బదులు వాడేందుకు షాండోర్ లోవాస్ అనే హంగేరీ యూరాలజిస్టు ఇటువంటి అడాప్టర్‌ను రూపొందించారని చెప్పారు. ఒకసారి వాడి పారేయవలసిందే.

నాకు నమ్మకం కుదరలేదు. మూత్రాన్ని ఆపి ఉంచే కండరం అక్కడ బిగుసుకుని ఉంటుంది కదా, దాన్ని దాటి మందు ఎలా వెళుతుంది?

“మూత్రం ఎలా బయటికి వస్తుంది?” అని ఎదురు ప్రశ్న వేశారు డాక్టర్ గారు.

“కండరం వదులైతే.”

“అదే తలుపు. వదులైతే బయటికి రాగలిగినది లోపలికీ పోగలదు. పైపు ఆ తలుపును తోసుకుని వెళుతుంది. ఇది మీరు తీసేదాకా బయట నిలబడుతుంది.”

వినడానికి బాగుంది. కానీ ఇంటికి వెళుతూ ఆలోచిస్తే గుండె జారింది. పైపు పెట్టేటప్పుడు నేను సహకరించినా, సహకరించకపోయినా పని జరిగిపోయేది. ఇప్పుడు తలుపు తీయవలసింది నేనే. ఇన్నాళ్లుగా నా మాట వినని ఆ కండరమే.

అనుకున్నంతా అయింది. మొదటిసారి కుదరలేదు. మూత్రం పోసుకుని రమ్మన్నారు. కాథెటర్ వేస్తే లోపల మిగిలిన మూత్రం దాని గుండా వచ్చేస్తుంది, ఇందులో ఆ సౌకర్యం లేదు, మనమే పూర్తిగా ఖాళీ చేసుకుని రావాలి. మిగిలిన మూత్రంలో కలిసి మందు పలచబడితే ప్రయోజనం తగ్గుతుంది. పొట్ట మీద స్కానింగ్ పరికరం పెట్టి చూశారు. దాదాపు ఏమీ మిగలలేదు. కండరాలు సరిగా పనిచేయక మూత్రం బాగా మిగిలిపోయేవారికి ఈ పద్ధతి అంతగా నప్పదని అప్పుడే చెప్పారు.

తరువాత అదే బల్ల, అదే పడుకోవడం. శుభ్రం చేశారు. ఆ చల్లదనం తగలగానే నా శరీరం పైపు వస్తోందని నిర్ణయించేసుకుంది. చేతులు తమంతట తామే బల్ల అంచుల కోసం వెతికాయి. కొన ఆనించారు. తగిలింది, నొప్పి లేదు. ఎక్కడో బయటే ఆగిపోయింది. సిస్టర్ సిరంజి మీద వేలు ఉంచి నెమ్మదిగా నొక్కారు. మందు లోపలికి పోలేదు. పక్కల నుంచి వెచ్చగా కారి కింద గుడ్డ తడిసింది. మళ్లీ ప్రయత్నించారు. మళ్లీ అంతే. మూడోసారి ఆమె చేయి ఆపేశారు. బలంగా నొక్కితే పోతుందేమో అన్నాను. “బలంగా నొక్కాలంటే పైపే నయం కదమ్మా” అన్నారు.

దాదాపు సగం మందు వృథా. నాకు ఏడుపు వచ్చింది. నొప్పితో కాదు, నొప్పి అసలు లేనేలేదు. ఇంత సులువైన దారి చూపించినా నేనే పాడు చేసుకున్నానని. సిస్టర్ మాత్రం తాపీగా అంతా తుడిచి, వచ్చే వారానికి నాకు హోంవర్కు ఇచ్చారు. టీచరుకు హోంవర్కు! రోజూ మూత్రానికి కూర్చున్నప్పుడు, ధార మొదలయ్యే ముందు క్షణంలో లోపల ఏం జరుగుతుందో గమనించమన్నారు. ముక్కకూడదు, తోయకూడదు. ఊపిరి వదులుతూ, పొట్ట వదిలేసి, కింద ఏది తెరుచుకుంటుందో అది గుర్తు పెట్టుకోమన్నారు.

నలభై మూడేళ్లుగా రోజూ చేస్తున్న పనిని నేను ఎన్నడూ గమనించలేదు. గమనించబోతే మొదటి రెండు రోజులు మూత్రం రావడమే మానేసింది. మెట్లు దిగేటప్పుడు పాదాల గురించి ఆలోచిస్తే తడబడినట్టు. మూడో రోజు దొరికింది. ఊపిరి చివర, చాలా కింద, ఏదో జారినట్టు, పిడికిలి విప్పినట్టు చిన్న కదలిక. అది నేను చేసేది కాదు, చేయడం మానేసేది. ఇన్నేళ్లూ నేను ఆ పిడికిలిని బిగించి ఉంచానన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది. తరగతిలో నిలబడినప్పుడు, బస్సులో కూర్చున్నప్పుడు, నిద్రలో కూడా కాబోలు. మరో టాయిలెట్ ఎంత దూరంలో ఉందోనన్న భయంతో బతికే మనిషికి అది బిగిసే ఉంటుంది మరి.

రెండోసారి వెళ్లినప్పుడు సిస్టర్ తొందరపడలేదు. కొన ఆనించి, కదలకుండా పట్టుకుని, నొక్కడం మొదలుపెట్టకుండా ఆగారు. “మీరు చెప్పినప్పుడే” అన్నారు. కళ్లు మూసుకున్నాను. ఊపిరి వదిలాను. మూత్రం పోయబోతున్నట్టే అనుకున్నాను. ఆ బల్ల మీద, ఇద్దరు మనుషుల ముందు అలా అనుకోవడానికి సిగ్గు అడ్డం వచ్చింది. చిన్నప్పటి నుంచి నేర్చుకున్నదంతా ‘ఆపుకో’ అనే కదా. రెండో ఊపిరికి ఆ పిడికిలి విప్పుకుంది.

“ఇప్పుడు” అన్నాను.

ఏమీ జరగలేదనిపించింది. పక్కలకు కారనూ లేదు. కొంతసేపటికి పొత్తికడుపులో నాకు తెలిసిన ఆ చల్లదనం, ఆ నిండుదనం. “సగం అయింది” అన్నారు సిస్టర్. మధ్యలో ఒకసారి నేను ఆత్రపడి బిగించాను. ఆమె వేలికి వెంటనే తెలిసింది, ఆపారు. మళ్లీ ఊపిరి, మళ్లీ మొదలు. మొత్తం ఎంతసేపు పట్టిందో గడియారం చూడలేదు, పైపు కంటే ఎక్కువే పట్టింది. కొన తీసేయగానే తలుపు తనంతట తాను మూసుకుంది. ఒక్క చుక్క కారలేదు. లేచి కూర్చుని, “అయిపోయిందా?” అని రెండుసార్లు అడిగాను.

చిత్రమైన సంగతి ఏమిటంటే, ఆ పని జరిగేటప్పుడు నేను చేయవలసింది మూత్రం పోయడం, జరిగేది దానికి సరిగ్గా విరుద్ధం. బయటికి వదులుతున్నాననుకుంటే లోపలికి నిండుతుంది. ఇప్పటికీ నాకు అది గారడీలా ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. పైపు వేస్తే మందు నేరుగా మూత్రాశయంలో పడుతుంది, దారికి అంటదు. ఇందులో మూత్రనాళం పొడవునా మందు తడుపుకుంటూ వెళుతుంది. నాకు మంట అక్కడా ఉండేది కాబట్టి ఇది నాకు నచ్చింది.

ఆ రాత్రి మంట కోసం ఎదురుచూశాను. అలవాటుగా వేడినీళ్ల సంచీ పక్కన పెట్టుకుని పడుకున్నాను. మరునాడు ఉదయం అది చల్లబడి, వాడకుండా అలాగే ఉంది.

మందు పోశాక వీలైనంతసేపు లోపలే ఉంచుకోవాలి. మొదట్లో అరగంట ఆపుకోవడమే నాకు గగనం. ఆ సమయంలో కూర్చునే గదిలో ఒక పెద్దాయనతో పరిచయమైంది. ఆయనకు మూత్రాశయపు క్యాన్సర్. గోడ లోపలికి దిగని రకం, కణితి తీసేశారు, మళ్లీ రాకుండా బీసీజీ పోస్తున్నారు. క్షయ రాకుండా పిల్లలకు వేసే టీకా మందే అది. 1921లో మొదటిసారి మనిషికి ఇచ్చిన ఆ టీకాను 1976లో మొరాలిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు కెనడాలో మూత్రాశయపు క్యాన్సర్‌కు వాడిన ఫలితాలు ప్రకటించారు. వారానికి ఒకటి చొప్పున ఆరు వారాలు. పెద్దాయనకు ఇవన్నీ కంఠతా వచ్చు. రెండు గంటలు లోపల ఉంచుకోవాలి ఆయన. గడియారం చూసుకుంటూ, పక్కవారికి కథలు చెబుతూ కాలం గడిపేవారు.

నా అడాప్టర్ సంగతి విని ఆయన ముఖం వెలిగిపోయింది. వెంటనే వెళ్లి తనకూ అదే కావాలని అడిగారు. ఒప్పుకోలేదు. బీసీజీలో ఉన్నవి బతికున్న సూక్ష్మజీవులు. బలహీనపరిచినవే అయినా నా మొదటి రోజులా పక్కలకు కారితే ఒంటికీ, గదిలోని వారికీ మంచిది కాదు. మూత్రం పోసుకున్నాక టాయిలెట్‌లో బ్లీచ్ పోయమని చెప్పేంత జాగ్రత్త దానికి. పైపు వేసేటప్పుడు రక్తం కనిపిస్తే ఆ వారం మందే వాయిదా వేస్తారట, రక్తంలోకి పాకుతుందని. ఆయనకు ఒకసారి అలా వాయిదా పడింది.

“మీది ఆడుకునే మందు తల్లీ, నాది కరిచే మందు” అన్నారు తిరిగి వచ్చి కూర్చుంటూ. “కరిచేదాన్ని గొలుసుతోనే పట్టుకెళ్లాలి కాబోలు.”

నాకు ఏమనాలో తోచలేదు. నా నాలుగు సెంటీమీటర్ల దారికి నేను పడిన హైరానా, ఆయన దారి పొడవు తలుచుకుని సిగ్గుపడ్డాను. ఆయనే మళ్లీ అన్నారు, “నా కోసం బాధపడకండి. మీరు మానేస్తానన్నారటగా, అది చేయకండి.” సిస్టర్ చెప్పారో, గోడలు చెప్పాయో.

అడాప్టర్ మొదలయ్యాక నేను ఒక్క దఫా తప్పలేదు. పైపుతో చేసినప్పటికంటే ఈ పద్ధతిలో మందు ఎక్కువ బలంగా పనిచేసిందా? ఆ మాట నేను అనను, మందు అదే కదా. వెళ్లగలిగాను కాబట్టి పూర్తి చేయగలిగాను. ‘రోగికి సౌకర్యం’ అన్న మాటను ఆసుపత్రుల్లో మెత్తటి దిండు, చల్లటి గది కోవలో వేస్తారు. నా విషయంలో ఆ సౌకర్యమే మందు లోపలికి పోవడానికీ, నేను ఇంట్లో దుప్పటి కప్పుకుని అబద్ధం ఆడటానికీ మధ్య తేడా. పైపుతో ఏ ఇబ్బందీ లేనివారిని కూడా ఆ గదిలో చూశాను. రెండు నిమిషాల్లో వేయించుకుని, ఫోనులో మాట్లాడుతూ బయటికి వచ్చేవారు. వారిని చూసి ఒకప్పుడు నన్ను నేను తిట్టుకునేదాన్ని. ఇప్పుడు తిట్టుకోను.

ప్రతిసారీ సాఫీగా జరిగిందని కాదు. ఒక రోజు బడిలో ఏదో గొడవపడి నేరుగా వెళ్లాను. పడుకుని ఎంత ఊపిరి వదిలినా కండరం కదలలేదు. సిస్టర్ సిరంజి పక్కన పెట్టి, “ఎవరితో గొడవ?” అన్నారు. చెప్పాను. పావుగంట సేపు చెప్పాను. ఆమెకు బయట పనులున్నాయి, అయినా విన్నారు. గొడవ మొత్తం చెప్పడం అయ్యాక ఇద్దరం నవ్వుకున్నాం, ఆ నవ్వు చివర మందు పోయింది. రోగి కండరం వదులయ్యేదాకా ఎదురుచూడగలిగే మనిషి ఆ గదిలో లేకపోతే ఈ అడాప్టర్ ఉత్త ప్లాస్టిక్ ముక్క. ఒకసారి ఆమె సెలవులో ఉండగా వచ్చిన కొత్త అబ్బాయి హడావిడిగా నొక్కాడు. సగం నేల మీద.

ఎనిమిదో దఫా తరువాత మళ్లీ కొలపాత్ర పెట్టుకుని లెక్క రాశాను. రోజుకు 11 సార్లు. రాత్రి ఒకటి, ఒక్కోసారి రెండు. ఒక ఉదయం 210 మిల్లీలీటర్లు వచ్చింది. ఆ అంకె కింద ఎర్ర పెన్నుతో గీత గీసి పక్కన టిక్కు పెట్టాను. నొప్పి పోలేదు, తగ్గింది. నిద్ర సరిగా లేని రోజుల్లో, ఆందోళన ఉన్న రోజుల్లో లేచి కూర్చుంటుంది. పీరియడ్ మాత్రం మొత్తం చెబుతున్నాను. లెక్క చివరి మెట్టు దాకా నేనే చేస్తున్నానని పిల్లలకు కాస్త కష్టంగానే ఉంది.

వారం వారం ఆగి, నెలకు ఒకటి అయ్యాక, ఆ ఎడాన్ని ఇంకా పెంచుదామని డాక్టర్ గారు అన్నారు. ఆరు వారాలకు పెంచాం, బాగానే గడిచింది. ఎనిమిది చేద్దామన్నారు. ఏడో వారం మధ్యలో ఒక రాత్రి మూడుసార్లు లేచాను. పొత్తికడుపులో పాత నొప్పి పలకరించింది. అపాయింట్‌మెంట్‌కు ఇంకా తొమ్మిది రోజులుంది. ఉదయం ఆసుపత్రికి ఫోను చేశాను. ఎత్తింది సిస్టరే.

“మళ్లీ జ్వరమా?” అన్నారు.

“కాదు సిస్టర్. ఈ రోజు ఖాళీ ఉంటే వస్తాను.”

పదకొండు గంటలకు రమ్మన్నారు. పదిన్నరకే వెళ్లి కూర్చున్నాను.